అప్పు తీర్చే లెక్కలో ఇంటి ఖర్చుకు చోటేది?
అమెరికా రైతు దివాలా చట్టం నుంచి మనం నేర్చుకోదగ్గ పద్ధతి

అప్పు తీర్చడానికి వాయిదాలు కట్టుకునేటప్పుడు పొలం లెక్క మనం బాగానే వేస్తాం. ఎకరాకు ఎన్ని బస్తాలు, బస్తా ధర ఎంత, ఎరువు ఎంత, కూలి ఎంత... ఇవన్నీ రైతుకు వేళ్ల మీద ఉంటాయి. తప్పేదల్లా ఇంటి లెక్క దగ్గరే. 'ఇంటి ఖర్చుదేముంది, ఎలాగో గడిచిపోతుంది' అని వదిలేస్తాం. తీరా రెండో వాయిదా నాటికి ఆసుపత్రి ఖర్చో, పిల్లల ఫీజో నెత్తిన పడుతుంది. పంట బాగానే పండినా వాయిదా తప్పుతుంది. వాయిదా తప్పితే వడ్డీ తడిసి మోపెడవుతుంది. చివరికి ఆ బరువు భూమి మీదే పడుతుంది.

అమెరికాలో అప్పులపాలైన రైతు కుటుంబాల కోసం ప్రత్యేకంగా ఒక దివాలా పద్ధతి ఉంది. వాళ్ల దివాలా చట్టంలో అది 12వ అధ్యాయం. అందరూ 'చాప్టర్ 12' అంటారు. రైతు తన అప్పులను మూడు నుంచి ఐదేళ్లలో ఎలా తీరుస్తాడో ఒక ప్రణాళిక రాసి కోర్టుకు ఇస్తాడు. కోర్టు ఒప్పుకుంటే ఆ ప్రకారం కడతాడు. ఇందులో గమనించాల్సింది ఏమిటంటే, ఆ ప్రణాళికలో ఇంటి ఖర్చు దాచాల్సిన విషయం కాదు. చట్టమే దానికి చోటు ఇచ్చింది. ఆ ఖర్చు మధ్యలో పెరిగినా తగ్గినా ప్రణాళికను ఎలా మార్చుకోవాలో కూడా చెప్పింది.

ఆ చట్టం మనకు వర్తించదు. కానీ ఆ లెక్క వేసే పద్ధతి మాత్రం అప్పు ఉన్న ఏ రైతుకైనా పనికొస్తుంది. అందుకే ఈ వారం దాన్ని వివరంగా చూద్దాం.

ఐపీ వేరు, ఇది వేరు

దివాలా అనగానే మన పల్లెల్లో గుర్తొచ్చే మాట 'ఐపీ పెట్టడం'. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద వేసే ఇన్సాల్వెన్సీ పిటిషన్‌నే జనం ఐపీ అంటున్నారు. అందులో ప్రధానంగా జరిగేది ఆస్తి పంపకం. అప్పులపాలైన మనిషి ఆస్తి కోర్టు నియమించిన రిసీవరు చేతికి వెళ్తుంది. దాన్ని అమ్మి వచ్చిన సొమ్మును అప్పులవాళ్లకు పంచుతారు.

చాప్టర్ 12 తీరు వేరు. ఇక్కడ భూమి, ట్రాక్టరు, పశువులు సాధారణంగా రైతు చేతిలోనే ఉంటాయి. సాగు ఆగదు. పిటిషన్ వేసిన రోజు నుంచి అప్పులవాళ్ల వసూళ్లు, వేలాలు ఆగిపోతాయి. పిటిషన్ వేసిన 90 రోజుల్లో రైతు ప్రణాళిక దాఖలు చేయాలి. మామూలుగా ఆ తర్వాత 45 రోజుల్లో దాని మీద విచారణ ముగించాలి. కోర్టు ఆమోదించాక వాయిదాల సొమ్మును ట్రస్టీ అనే అధికారి అందుకుని అప్పులవాళ్లకు పంచుతాడు. వాయిదా నెలనెలా కట్టాలన్న నిబంధన కూడా లేదు. రైతుకు డబ్బు పంట చేతికొచ్చాకే వస్తుంది కదా. అందుకని ఏడాదికోసారి, పంట అమ్మిన తర్వాత కట్టేలా రాసుకోవచ్చు.

ఈ పద్ధతి 1986లో వచ్చింది. 1970లలో భూమి ధరలు పెరుగుతుంటే అక్కడి రైతులు అప్పులు చేసి పొలాలు కొన్నారు. 1980ల మొదట్లో వడ్డీలు బాగా పెరిగాయి, పంట ధరలు, భూమి విలువ పడిపోయాయి. అయోవా, నెబ్రాస్కా వంటి మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో ఎన్నో కుటుంబాలు పొలాలు పోగొట్టుకున్నాయి. అప్పటికి ఉన్న దివాలా పద్ధతుల్లో ఒకటి పెద్ద కంపెనీలకు సరిపోయేది. అది రైతుకు ఖర్చెక్కువ. ఇంకొకటి నెల జీతగాళ్లకు సరిపోయేది. రైతుల అప్పులు దాని పరిమితి దాటిపోయేవి. ఈ రెండింటి మధ్య ఖాళీని పూరించడానికే 12వ అధ్యాయం తెచ్చారు. మొదట తాత్కాలికంగా పెట్టి, పలుమార్లు పొడిగించి, 2005లో శాశ్వతం చేశారు. అప్పు పరిమితి మొదట 15 లక్షల డాలర్లు. 2019లో దాన్ని కోటి డాలర్లకు పెంచారు.

'మిగులు ఆదాయం' అంటే ఏమిటి?

ప్రణాళిక మొత్తం ఒక మాట చుట్టూ తిరుగుతుంది. అది మిగులు ఆదాయం.

కుటుంబానికి వచ్చే మొత్తం ఆదాయంలోంచి రెండు రకాల ఖర్చులు తీసేయాలి. మొదటిది, రైతుకూ అతని మీద ఆధారపడిన వాళ్లకూ బతకడానికి న్యాయంగా అవసరమైన ఖర్చు. రెండోది, సేద్యం కొనసాగడానికి అవసరమైన ఖర్చు. అంటే విత్తనం, ఎరువు, డీజిల్, మేత, మరమ్మతుల వంటివి. ఈ రెండూ పోగా మిగిలిందే మిగులు ఆదాయం.

తాకట్టు లేని అప్పుల మీద ట్రస్టీ గానీ, ఆ అప్పులవాళ్లు గానీ అభ్యంతరం చెబితే, రైతు రెండిట్లో ఒకటి చేయాలి. వాళ్ల బాకీ పూర్తిగా తీర్చాలి, లేదా ప్రణాళిక కాలంలో తన మిగులు ఆదాయమంతా కట్టడానికి సిద్ధపడాలి. అంటే ఇంటి ఖర్చు అంకె మారితే, అప్పులవాళ్లకు ముట్టే అంకె కూడా మారుతుంది. ఇంటి ఖర్చు అంత ముఖ్యమైనది.

ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. కోర్టు ముందు పొదుపరిగా కనిపించాలనో, ప్రణాళిక తొందరగా ఆమోదం పొందాలనో ఇంటి ఖర్చు తక్కువ రాస్తారు. కాగితం మీద మిగులు ఎక్కువ కనిపిస్తుంది. వాయిదా కూడా అంత ఎక్కువగానే ఖాయమవుతుంది. ఆ తర్వాత ప్రతి ఏడూ ఆ లేని మిగులును తెచ్చి కట్టాలి. ఎక్కడి నుంచి తెస్తారు?

దాఖలు చేసే కాగితాల్లో నెలవారీ ఇంటి ఖర్చు పట్టిక ఒకటి ఉంటుంది. తిండి, కరెంటు, బట్టలు, మందులు, ప్రయాణాలు, బీమా, పిల్లల చదువు... అన్నీ విడివిడిగా రాయాలి. ఆ పట్టిక చివర ఒక ప్రశ్న ఉంటుంది. రాబోయే ఏడాదిలో మీ ఖర్చులు పెరుగుతాయని గానీ తగ్గుతాయని గానీ అనుకుంటున్నారా, అయితే ఎందుకో చెప్పండి అని. చిన్న ప్రశ్నే, కానీ చాలా విలువైనది. కాన్పు రాబోతోందా? పెద్దవాడి చదువు అయిపోతోందా? కారు అప్పు తీరిపోతోందా? తెలిసినదంతా అక్కడ రాయాలి. తెలిసిన ఖర్చు రాయకుండా ఊరుకుని, ఆర్నెల్లు పోయాక వచ్చి 'మార్చండి' అంటే ప్రశ్నలు ఎదురవుతాయి. ప్రణాళిక మార్చాలంటే అది ముందు ఊహించని మార్పు అని చూపించమనే కోర్టులు కూడా ఉన్నాయి.

ఒక కుటుంబం లెక్క వేసి చూద్దాం

ఇది కేవలం ఉదాహరణ కోసం వేసుకున్న లెక్క. నెబ్రాస్కాలో మొక్కజొన్న, సోయా సాగు చేస్తూ కొన్ని పశువులు పెంచుకునే కుటుంబం అనుకుందాం. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. భార్య దగ్గరి ఊళ్లో బడిలో ఉద్యోగం చేస్తుంది. ఏడాది లెక్క ఇది:

పంట, పశువుల అమ్మకం: 2,80,000 డాలర్లు
భార్య జీతం: 34,000
మొత్తం రాబడి: 3,14,000
సేద్యం ఖర్చు: 1,90,000
ఇంటి ఖర్చు: 48,000
భూమి, యంత్రాల తాకట్టు అప్పుల వాయిదాలు: 60,000
మిగిలేది: 16,000

ఈ పదహారు వేలల్లో ట్రస్టీ రుసుం గుండుగుత్తగా 6 వేలు పోతుందనుకుందాం. మిగతా 10 వేలు తాకట్టు లేని అప్పులవాళ్లకు, అంటే ఎరువుల దుకాణానికి, డీజిల్ బంకుకు, ఆసుపత్రి పాత బిల్లులకు వెళ్తాయి. మూడేళ్ల ప్రణాళికలో వాళ్లకు మొత్తం 30 వేలు ముడతాయి.

రాబడి 3 లక్షల పైమాటే. కానీ చివరికి మిగిలేది 16 వేలు. ఇంటి ఖర్చులో నెలకు 1,000 డాలర్ల తేడా వస్తే ఏడాదికి 12 వేలు. అంటే మిగులులో నాలుగింట మూడు వంతులు కొట్టుకుపోతుంది. పెద్ద రాబడి చూసి ఇంటి ఖర్చును చిన్నదిగా ఎందుకు తీసుకోకూడదో ఈ ఒక్క లెక్కతోనే అర్థమవుతుంది.

ఖర్చు పెరిగితే...

మొదటి ఏడాది అంతా సవ్యంగా జరిగింది. 10 వేలు కట్టేశారు. రెండో ఏడాది మొదట్లో భార్యకు జబ్బు చేసింది. బీమా పోను మందులకు, ప్రయాణాలకు ఏడాదికి 9 వేలు అదనంగా అవుతాయని తేలింది. ఈ జబ్బు ఏళ్ల తరబడి ఉండేది. ఇప్పుడు మిగులు 16 వేల నుంచి 7 వేలకు పడిపోయింది. ట్రస్టీ రుసుం 5 వేలు పోతే తాకట్టు లేని అప్పులవాళ్లకు మిగిలేది 2 వేలే.

ఏం చేయాలి? చట్టంలోని 1229వ సెక్షన్ ప్రకారం, చెల్లింపులు పూర్తయ్యేలోపు ఎప్పుడైనా ప్రణాళిక సవరించమని అడగవచ్చు. ఒక తరగతి అప్పులవాళ్లకు కట్టే మొత్తాన్ని తగ్గించమనవచ్చు, పెంచమనవచ్చు. గడువు పొడిగించమనవచ్చు. అప్పులవాళ్లకు తెలియజేసి, అభ్యంతరాలుంటే విని కోర్టు తేలుస్తుంది.

అయితే దీనికి కొన్ని హద్దులున్నాయి. వాటిని బాగా గుర్తు పెట్టుకోవాలి.

మొదటి హద్దు. రైతు ఆస్తిని ఆ రోజే అమ్మి పంచి ఉంటే తాకట్టు లేని అప్పులవాళ్లకు ఎంత ముట్టేదో, ప్రణాళికలో కనీసం అంత ముట్టాలి. అంతకంటే తగ్గించడానికి వీల్లేదు. మన ఉదాహరణలో ఆ మొత్తం 18 వేలు అనుకుందాం. మొదటి ఏడాది 10 వేలు కట్టారు కాబట్టి ఇంకా 8 వేలు కట్టాలి. ఏడాదికి 2 వేల చొప్పున మిగిలిన రెండేళ్లలో వచ్చేది 4 వేలే. చాలదు.

రెండో హద్దు. ప్రణాళికను ఐదేళ్లకు మించి పొడిగించలేరు. ఇక్కడ మాత్రం అదే కలిసొస్తుంది. మూడేళ్ల ప్రణాళికను ఐదేళ్లకు పొడిగిస్తే ఇంకా నాలుగేళ్లు ఉంటాయి. నాలుగు రెళ్లు ఎనిమిది. వడ్డీ సంగతి పక్కన పెడితే 18 వేల లెక్క సరిపోయింది. పొలం నిలిచింది, మందులూ ఆగలేదు.

మూడో హద్దు. తాకట్టు ఉన్న అప్పుల సంగతి అంత తేలిక కాదు. తాకట్టు పెట్టిన ఆస్తి విలువ మేరకు అసలు, వడ్డీ కట్టాల్సిందే. ఇంట్లో జబ్బు ఉందని దాన్ని తగ్గించరు. కానీ తాకట్టు అప్పును ప్రణాళిక గడువు దాటి ఎక్కువ ఏళ్లకు పరచుకునే వీలు చాప్టర్ 12లో ఉంది. ఉదాహరణకు భూమి మీది బాకీని ఇరవై ఏళ్ల వాయిదాలుగా రాసుకోవచ్చు. ఏడాది వాయిదా బరువు తగ్గేది దీనివల్లే.

సవరణ అడిగేటప్పుడు కాగితాలు ముఖ్యం. డాక్టరు చీటీలు, బిల్లులు, బీమా కంపెనీ ఎంత ఇచ్చిందో చూపే పత్రాలు, పాత ఖర్చు పట్టిక, కొత్త ఖర్చు పట్టిక పక్కపక్కన పెట్టి చూపించాలి. 'ఖర్చులు పెరిగిపోయాయండీ' అన్న మాటతో ఎవరూ తృప్తి పడరు. ఏ ఖర్చు, ఎంత నుంచి ఎంతకు, ఎప్పటి నుంచి, ఎన్నాళ్లు అని చెప్పగలగాలి.

ఖర్చు తగ్గితే...

ఖర్చు ఎప్పుడూ పెరుగుతూనే పోదు. పెద్దకొడుకు చదువు ముగించి ఉద్యోగంలో చేరాడు, తన బతుకు తాను చూసుకుంటున్నాడు. ఇంటి ఖర్చు ఏడాదికి 6 వేలు తగ్గింది. అప్పుడు మిగులు పెరుగుతుంది. సవరణ అడిగే హక్కు రైతుకు మాత్రమే కాదు, ట్రస్టీకీ, తాకట్టు లేని అప్పులవాళ్లకూ ఉంది. 'మిగులు పెరిగింది, మాకు ఎక్కువ కట్టించండి' అని వాళ్లు అడగవచ్చు.

కానీ చట్టం ఇక్కడ రైతుకు మూడు రక్షణలు ఇచ్చింది. ఇవి 2005 సవరణతో వచ్చాయి. ఒకటి, సవరణకు ముందే గడువు వచ్చిన వాయిదాలను వెనక్కి వెళ్లి పెంచడానికి వీల్లేదు. రెండు, రైతు తానుగా అడిగితే తప్ప, మిగులు పెరిగిందన్న కారణంతో తాకట్టు లేని అప్పులవాళ్లకు ఒక నెలలో కట్టేది ఆ నెల మిగులును మించేలా పెంచకూడదు. మూడు, ప్రణాళిక చివరి ఏడాదిలో, గడువు ముగిశాక సేద్యం సాగించడానికి పెట్టుబడి మిగలనంతగా రైతు మీద భారం వేయకూడదు. అప్పు తీరింది కానీ మరుసటి సీజనుకు విత్తనం కొనడానికి చేతిలో చిల్లిగవ్వ లేదంటే ఆ ప్రణాళిక వల్ల లాభమేముంది? చట్టం చేసినవాళ్లు ఆ సంగతి ఆలోచించారు.

ఏ ఖర్చు ఒప్పుకుంటారు?

నెల జీతగాళ్లు వాడే 13వ అధ్యాయంలో కొంత ఆదాయం దాటినవాళ్లకు ప్రభుత్వ పట్టికల ప్రకారం ఇంటి ఖర్చు కడతారు. చాప్టర్ 12లో అలాంటి కొలబద్ద లేదు. 'న్యాయంగా అవసరమా, కాదా' అన్నదే ప్రశ్న. అందువల్ల రైతుకు కొంత వెసులుబాటు, కొంత అనిశ్చితి రెండూ ఉన్నాయి.

తిండి, వైద్యం, మామూలు బట్టలు, చిన్నపిల్లల చదువు వంటివాటి మీద పెద్దగా పేచీ రాదు. పెద్దయిన పిల్లల కాలేజీ ఫీజు తల్లిదండ్రులు కడతామంటే మాత్రం అప్పులవాళ్లు లేచి నిలబడతారు. 'మా బాకీ కట్టకుండా కాలేజీ ఫీజు ఎలా కడతారు?' అంటారు. కొత్త కారు, ఇంటి హంగుల సంగతి చెప్పక్కర్లేదు. విడాకులైతే భార్యాబిడ్డల పోషణకు కోర్టు ఆదేశించిన సొమ్ము వేరే వరుసలోది. అది మిగులు లెక్కకు ముందే పోవాలి. పిటిషన్ వేశాక గడువు వచ్చిన పోషణ సొమ్ము బకాయి ఉంటే ప్రణాళికకు ఆమోదమే రాదు. చివర్లో రుణ విముక్తి కావాలన్నా ఆ బాకీ లేదని ధ్రువీకరించాలి.

ఇంకో చిక్కు కూడా చూడండి. రైతు ఇంట్లో ఇంటి ఖర్చు, పొలం ఖర్చు కలిసిపోయి ఉంటాయి. ఒకే వ్యానులో ఎరువు బస్తాలు తెస్తారు, పిల్లల్ని బడికి దింపుతారు. ఒకే కరెంటు బిల్లులో ఇల్లూ, పశువుల కొట్టమూ ఉంటాయి. వీటిని విడదీసి రాసుకోకపోతే ఖర్చు పెరిగినప్పుడు అది ఇంట్లో పెరిగిందా, పొలంలో పెరిగిందా అన్నది చెప్పలేరు. చెప్పలేకపోతే సవరణ అడగడం కష్టం.

చెప్పకుండా ఊరుకుంటే...

అన్నిటికన్నా నష్టం చేసేది మౌనమే. ఖర్చు పెరిగింది. ఎవరికీ చెప్పలేదు. ఒక వాయిదా సగం కట్టారు, రెండోది కట్టలేదు. అప్పుడు ట్రస్టీ గానీ అప్పులవాడు గానీ కేసు కొట్టివేయమని కోర్టును అడగవచ్చు. కేసు పోతే రక్షణ పోతుంది. ఆగిన వేలం మళ్లీ కదులుతుంది. మోసం చేశాడని రుజువైతే తప్ప, రైతును అతని ఇష్టం లేకుండా ఆస్తి అమ్మి పంచే 7వ అధ్యాయంలోకి నెట్టడానికి వీల్లేదన్నది కొంత ఊరట. కానీ కేసు కొట్టేశాక తాకట్టు పట్టిన బ్యాంకు తన దారిన తాను భూమి వేలం వేసుకుంటుంది కదా!

అదే వాయిదా తప్పకముందే లాయరుకూ ట్రస్టీకీ చెబితే పరిస్థితి వేరుగా ఉంటుంది. సవరణకు దారి ఉంటుంది. సవరించినా గట్టెక్కలేని స్థితి వచ్చి, అందులో రైతు తప్పు లేకపోతే, కోర్టు 'కష్టకాలపు విముక్తి' ఇచ్చే వీలుంది. దానికి తాకట్టు లేని అప్పులవాళ్లకు కనీస మొత్తం అప్పటికే ముట్టి ఉండాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు చివరి నిమిషంలో పరుగెత్తితే ఈ దారులన్నీ ఇరుకైపోతాయి.

మన రైతు ఏం తీసుకోవాలి?

మన దేశంలో 2016 నాటి దివాలా స్మృతిలోనూ వ్యక్తులకు చెల్లింపు ప్రణాళిక అన్న ఏర్పాటు ఉంది. అయితే 2019 డిసెంబర్ 1న దాన్ని అమల్లోకి తెచ్చింది కంపెనీల అప్పులకు పూచీ పడ్డ వ్యక్తులకు మాత్రమే. మన రైతుకు బాగా తెలిసింది బ్యాంకులో రీషెడ్యూలు. కరువు, వరద, తుపాను వచ్చినప్పుడు 2018లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, పంట నష్టం 33 నుంచి 50 శాతం మధ్య ఉంటే బాకీ తీర్చడానికి గరిష్ఠంగా రెండేళ్లు, 50 శాతం, ఆపైన ఉంటే గరిష్ఠంగా ఐదేళ్ల వరకు గడువు ఇవ్వవచ్చు. రెండింటిలోనూ ఒక ఏడాది విరామం కలిసే ఉంటుంది.

ఆ ఏడాది విరామంలో చాలామంది ఊపిరి పీల్చుకుని మరిచిపోతారు. ఆ ఏడాదే ఇంటి లెక్క రాసుకోవడానికి సరైన సమయం. వచ్చే నాలుగేళ్లలో ఇంట్లో ఏం జరగబోతోంది? అమ్మాయి ఇంటర్ ఎప్పుడు అయిపోతుంది? నాన్నగారి కంటి ఆపరేషన్ ఎప్పుడు? ఇంటి పైకప్పు ఇంకెన్ని వానలు ఆగుతుంది? వీటన్నిటికీ తేదీలు దాదాపు తెలిసినవే. వాయిదా తేదీల పక్కన ఈ తేదీలు కూడా రాసి చూసుకోండి. రెండూ ఒకే నెలలో పడుతుంటే ఇప్పుడే మేనేజరుతో మాట్లాడాలి.

ఇంటి ఖర్చు అడగడం సిగ్గుపడాల్సిన సంగతేమీ కాదు. 2012లో సవరించిన కిసాన్ క్రెడిట్ కార్డు పథకంలో పంట రుణ పరిమితి కట్టేటప్పుడు, సాగు ఖర్చు మీద మరో 10 శాతం కోత తర్వాతి అవసరాలకు, ఇంటి అవసరాలకు కలపాలని చెప్పారు. రైతు ముందు బతకాలి, తర్వాతే సాగు చేయాలి అన్నది బ్యాంకు లెక్కలోనూ ఉందన్నమాట. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోనూ డబ్బు బాకీ డిక్రీ కింద రైతు సేద్యపు పనిముట్లు, సాగుకు అవసరమైన పశువులు, విత్తనం గింజలు, వంటపాత్రలు, కట్టుబట్టలు జప్తు చేయకూడదని 60వ సెక్షన్ చెబుతుంది. తాకట్టు పెట్టినవాటి సంగతి వేరనుకోండి.

'ఇంటి గుట్టు బ్యాంకులో చెప్పుకోవాలా?' అని కొందరు అడుగుతారు. గుట్టు వేరు, లెక్క వేరు. ఎవరికి ఏ జబ్బు, ఎవరితో ఏ గొడవ అన్నది ఎవరూ అడగరు. నెలకు ఎంత ఖర్చవుతోంది, ఎందుకు మారింది అన్నది చెబితే చాలు.

వెంటనే చేయదగ్గ పనులు

ఒక నోటుపుస్తకం తీసుకోండి. ఎడమ పేజీ ఇంటికి, కుడి పేజీ పొలానికి. ఒక సంవత్సరం పాటు రోజూ రాయండి. ఇంట్లో డబ్బు చేతిలో ఉండేది ఆడవాళ్ల దగ్గరే కాబట్టి ఎడమ పేజీ వాళ్లతో కలిసి రాయండి. వాళ్లను అడగకుండా వేసిన ఇంటి లెక్క దాదాపు ఎప్పుడూ తక్కువే వస్తుంది.

పొలంలో పండిన బియ్యం, కందులు, పాలు ఇంట్లోకి వాడుకుంటే వాటికీ ధర కట్టి రాయండి. అమ్మకానికి పోనిది రాబడిలో చూపి, ఇంటి ఖర్చులో వదిలేస్తే లెక్క తప్పుతుంది.

ఇంటి ఖర్చు తగ్గించి రాయవద్దు. నిరుడు నిజంగా ఎంత అయిందో అంతే రాయండి. దాని మీద అనుకోని ఖర్చుకు కొంత వదలండి.

ఖర్చు శాశ్వతంగా మారిందా, ఈ ఒక్క ఏడాదికేనా అని విడదీసి చూడండి. పెళ్లి ఖర్చు ఒక్కసారి వచ్చేది. షుగరు మందులు ప్రతి నెలా వచ్చేవి. మొదటిదానికి ఒక వాయిదా వెనక్కి జరిపితే సరిపోవచ్చు. రెండోదానికి వాయిదా మొత్తమే తగ్గాలి. ఒకదానికి అడగాల్సింది ఇంకోదానికి అడిగితే రెండేళ్లలో మళ్లీ అదే గుమ్మం ఎక్కాలి.

మార్పు తెలిసిన నెలలోనే కాగితాలతో బ్యాంకుకు వెళ్లండి. అర్జీ రాసి ఇచ్చి, అందినట్టు సంతకం, ముద్ర వేయించుకున్న నకలు మీ దగ్గర ఉంచుకోండి. నోటిమాట మేనేజరు బదిలీతో పోతుంది, కాగితం పోదు.

ఖర్చు తగ్గిన ఏడాది కూడా లెక్క వేయండి. ఆ మిగులును ముందు ఎక్కువ వడ్డీ అప్పుకు కట్టండి. అయితే మరుసటి పంట పెట్టుబడి పక్కన పెట్టాకే.

నెబ్రాస్కా రైతుకైనా, మన రైతుకైనా వాయిదా సొమ్ము వచ్చేది ఒకే కుండలోంచి. అందులోంచే పిల్లలు తినాలి, అందులోంచే విత్తనం కొనాలి, అందులోంచే బ్యాంకుకు కట్టాలి. మొదటి రెండింటి లెక్క నిజంగా రాస్తేనే మూడోది నిలబడుతుంది. రీషెడ్యూలు కాగితం మీద సంతకం పెట్టేముందు మీ నోటుపుస్తకంలో ఎడమ పేజీ మొత్తం ఎంతో ఒకసారి కూడి చూసుకోండి.